జమ్మి బాకీ

దేవయ్య దొంగ కాకపోతే మరి దొంగ ఎవరు? ఏడేళ్లుగా పొద్దున్నే దీపం పెట్టిన ప్రతిసారీ లచ్చన్న దేవుణ్ణి ఇదే అడుగుతున్నాడు. దేవుడు చెప్పలేదు. లచ్చన్న అడగడం మానలేదు.

లచ్చన్న గల్ఫ్‌లో, అల్ మవాలేలో వేట సామాన్లు అమ్మే దుకాణంలో సేల్స్‌మన్. ఏడేళ్ల క్రితం దసరా నాడు, యజమాని అబ్దుల్ లైసెన్సు పిస్తోలు దుకాణంలోని బీరువాలోంచి మాయమైంది. తోటి సేల్స్‌మన్ దేవయ్య బీరువా తీస్తుండగా చూసినట్టు సాక్ష్యం వచ్చింది. పిస్తోలు మాత్రం దొరకలేదు. నెల తిరగకుండా దేవయ్య వీసా రద్దుచేసి జగిత్యాల పంపేశారు.

ఆ దసరా ఉదయం దేవయ్య ఆయుధపూజ అంటూ కత్తులకు, గల్లాపెట్టెకు, ఆఖరికి ఆ పిస్తోలుకు కూడా నూనెలో కలిపిన కుంకుమ బొట్టు పెట్టాడు. అబ్దుల్ నవ్వి, తుడిచెయ్యమన్నాడు. తుడిచేశాడు. సాయంత్రం దుకాణం వెనక గాఫ్ చెట్టు దగ్గర లచ్చన్న చేతిలో జమ్మి ఆకు పెట్టి కౌగిలించుకున్నాడు. మన జమ్మినే ఇక్కడ గాఫ్ అంటారు. లచ్చన్న తిరిగి ఆకు పెట్టేలోపే లోపలి నుంచి అబ్దుల్ కేక వినిపించింది. ఆ ఆకు అలాగే బాకీ పడిపోయింది.

ఈసారి దసరా శుక్రవారం వచ్చింది. రెండు రోజుల ముందు కుమార్ దుకాణానికి వచ్చాడు. అప్పట్లో ఇక్కడ క్యాషియర్. ఇప్పుడు అల్ ఖౌద్‌లో ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు.

"నా కొట్ల రెండుసార్లు దొంగలు పడ్డరే, లచ్చన్నా. మా పార్టనర్‌ది చిన్న పిస్తోలుంది. దానికి మంచి గురి సామాను చూపియ్యి."

"కాగితం?"

"వేరే కొట్లల్ల గదే అడుగుతరు. నీ కాడికెందుకొచ్చిన మరి? ఏడ ఏం చెప్పాల్నో నీకు తెలుసు."

లచ్చన్న గుడ్డ పరిచి సామాన్లు పెట్టాడు. కుమార్ చెయ్యి ముందుగా లేజర్ మీదికి పోయింది. నొక్కితే ఎదురు గోడమీద ఎర్ర చుక్క పడింది.

"ఇది మస్తుంది."

"పెండ్లి లైటింగుకైతే మస్తుంటది. నువ్వేడ నిలవడ్డవో దొంగకు గూడ చెప్తది."

"మరి గీ అద్దమున్న గురి?"

"దానికి బ్యాటరీ చూసుకోవాలె. నీ ఫోనే ఎప్పుడూ బందయి ఉంటది."

"నాది ఛార్జర్ల దుకాణమే."

"గందుకే చెప్తున్న."

కుమార్ నవ్వాడు. "సరే, నువ్వే చెప్పు."

"ముందుగాల టార్చి. చీకట్ల ఉన్నది ఎవడో చూడకుంట తొందరపడితే బతికినన్నాళ్లు అదే యాదికొస్తది. తర్వాత మెరిసే చుక్కలున్న మామూలు గురి. ముందొకటి, ఎనకొకటి. అంతే."

"ఎన్నిసార్లు కాల్చినవే, గింత చెప్తున్నవ్?"

"దీపావళి తుపాకీ తప్ప ఏదీ పట్టలే. పాత గురి ఊడదీసి కొత్తది నేనే బిగిస్త. గాడి కొలత చూడాలె. వస్తువు తీస్కరా."

కుమార్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "శుక్రవారం నమాజు యాళ్లకు వస్త. నువ్వొక్కనివే ఉండాలె."

శుక్రవారం షట్టరు సగం దించి ఉంది. అబ్దుల్ మసీదుకు వెళ్లాడు. కుమార్ ఫోను డబ్బాలోంచి పిస్తోలు తీసి బల్లమీద పెట్టాడు. నంబరు ఉండాల్సిన చోట ఆకురాయితో రుద్దేసి ఉంది. లచ్చన్న లోపల తూటాలు లేవని చూసుకుని, చిన్న సుత్తితో వెనక గురిని పక్కకు తట్టాడు. అది జారి ఊడింది.

కింద గాడిలో ఎర్రగా ఏదో గడ్డకట్టి ఉంది.

లచ్చన్న దాన్ని చూపుడువేలితో అద్దాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నూనె, కుంకుమ. తన బల్ల పక్కన అంటించుకున్న దేవుడి పటం వైపు ఒకసారి చూశాడు.

"ఏమైందే?" అన్నాడు కుమార్.

"తుప్పు. బంక పెడుత. గంట ఆరాలె. చాయ్ తాగి రాపో."

గంట తర్వాత కుమార్ వచ్చేసరికి బల్ల దగ్గర అబ్దుల్, ఇద్దరు పోలీసులు ఉన్నారు. అబ్దుల్ గాడిలోని కుంకుమనే చూస్తున్నాడు. ఆ రోజు తుడవమన్నది తనే. గురి కిందికి కారింది గుడ్డకు అందదని అప్పుడు ఎవరికీ తోచలేదు.

కుమార్ లచ్చన్న వైపు తిరిగాడు. "నన్ను పట్టిస్తే నువ్వు గూడ మునుగుతవు. తెల్వదా?"

"ఎరుకే," అన్నాడు లచ్చన్న.

సాయంత్రం లచ్చన్న పోలీసులకు వాంగ్మూలం రాసిచ్చాడు. అబ్దుల్ దాన్ని అరబీలో చదివించుకున్నాడు. చివరిదాకా విని చెయ్యి చాపాడు. లచ్చన్న పన్నెండేళ్లుగా మొలకు వేలాడుతున్న తాళాల గుత్తి తీసి ఆ చేతిలో పెట్టాడు.

తర్వాత వెనక్కి వెళ్లి గాఫ్ చెట్టుకు దండం పెట్టుకుని ఒక రెమ్మ తెంపాడు. దాన్ని కవరులో పెట్టాడు. వాంగ్మూలం తెలుగు కాగితం నకలు కూడా మడిచి పెట్టాడు. రాత్రి విమానానికి ఊరికి పోతున్న, తన గదిలోనే ఉండే జితేందర్‌కు ఇచ్చి, దేవయ్య చేతికే ఇవ్వాలని చెప్పాడు.

కాగితంలో మూడే వాక్యాలున్నాయి: "ఆ దసరా నాడు దుకాణం నా మీద వదిలితే, తలుపు తెరిచిపెట్టి జమ్మి కోసం పోయిన. ఆ తప్పు నా మీదికి రాకుండా, బీరువా తీస్తుంటే చూసిన్నని దేవయ్య మీద అబద్ధం చెప్పింది నేనే. ఆ యాళ్లకు దేవయ్య చెట్టు కింద నాకు జమ్మి పెడుతున్నడు."