టైరుకు కట్టిన తుపాకీ

సంతలో హార్లన్ పాత సైన్యం తుపాకీ కొన్న దగ్గర్నుంచీ ఆ నీలం ట్రక్కు వెనకే వస్తోంది.

కారులో ఊరు దాటాడు. ట్రక్కూ దాటింది.

తుపాకీ కాల్చి చూద్దామని కంకర గోతి వైపు మట్టిదారి పట్టాడు. ట్రక్కూ తిరిగింది.

అమెరికాలోని మోంటానాలో ఆ దారిన అరిచినా పలికే నాథుడుండడు. పక్కన పదహారేళ్ల కూతురు జోలీన్. గబగబా పోలీసులకి, షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"నాన్నా, వాడు దొంగా?"

"ఏమో తల్లీ. నా వెనకే ఉండు."

దిగుతూనే తుపాకీకి పూసిన జిడ్డు తుడిచీ తుడవకుండా తూటా పెట్టాడు.

ట్రక్కులోంచి ఒక ముసలాయన దిగాడు. "బాబూ, తూటాని వెనకనుంచి మూసే ఆ బోల్టు మీది నంబరూ గొట్టం మీది నంబరూ ఒకటేనా?"

"కాదు. అయితే నీకేంటి? పాతవి చాలా వరకు అంతే."

"మొదట కాల్చేదెవరు?"

"నేనే," అంది జోలీన్. "నా పుట్టినరోజు బహుమతి ఇది."

ముసలాయన ముఖం పాలిపోయింది. గబుక్కున ముందుకొచ్చాడు.

హార్లన్ తుపాకీ ఎక్కుపెట్టాడు. "ఇంకో అడుగేశావంటే కాల్చేస్తా!"

"వద్దు బాబూ. నా సంగతి దేవుడెరుగు, బోల్టు వెనక్కి తన్నిందంటే నీ ముఖం మాత్రం మిగలదు."

హార్లన్ తుపాకీ కిందికి దించాడు.

"టైరుకు కట్టి, ట్రిగ్గరుకి తాడేసి దూరం నుంచి లాగు. తెలియని తుపాకీకి మొదటి తూటా అలాగే కదా పేలుస్తాం!"

హార్లన్‌కి అది తెలుసు. కూతురి సరదా చూసి ఈసారికి ఫర్వాలేదనుకున్నాడు.

"కట్టి చూద్దాం నాన్నా," అంది జోలీన్, ఏడుపు గొంతుతో.

ముసలాయన ట్రక్కులోంచి టైరూ తాడూ దించాడు. టైరు నిండా పాత చీలికలే. తుపాకీని దానికి కట్టేసి, ముగ్గురూ మట్టిగట్టు చాటున నక్కారు. హార్లన్ తాడు లాగాడు.

గోతి దద్దరిల్లింది. తుపాకీ కొయ్య ముక్కలైంది. బోల్టు వెనక్కి ఎగిరి, జోలీన్ చెంప ఆనించాల్సిన చోటు మీదుగా దూసుకెళ్లి గట్టులో దిగబడింది.

హార్లన్ కూతుర్ని కావలించుకుని భోరుమన్నాడు. తేరుకునేసరికి ముసలాయన ఇనప ముక్కలు ఏరుకుని, టైరు ఎక్కించుకుని వెళ్లిపోయాడు. హార్లన్ ఆయనకి ఒక్క మంచి మాటైనా చెప్పలేకపోయాడు.

షెరీఫ్ కారు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. డెప్యూటీ లోరెట్టా దిగింది. "ఏడీ దొంగ?"

"దొంగ కాదు. ఎవరో పెద్దాయన. టైరూ తాడూ తెచ్చి..."

లోరెట్టా టోపీ తీసేసింది. "ఆయన పేరు ఓరిన్. విడి ముక్కలు బిగించి పాత తుపాకులు అమ్మేవాడు. ఇప్పుడు ఒక్కోదాన్నీ వెతుక్కుంటూ తిరుగుతున్నాడు."

"ఎందుకు?"

ఆమె జోలీన్ వైపు చూసింది.

"మొదటిది కన్నకూతురికే ఇచ్చాడు, పుట్టినరోజుకి."