బయట బెంచీ

"అమ్మానాన్నలు బయట కూర్చోవాలి. పిల్లలతో విడిగా మాట్లాడతాను."

బడి ముగించబోయే పిల్లలకు పైచదువుల సలహాలిచ్చే మేడమ్ పద్ధతి అది. ఈసారి లోపలికి వచ్చింది ఆమె కూతురే.

"నీకెందుకే ఇది? డాక్టరీ అని ఇంట్లో తేల్చేశాంగా!"

"తేల్చింది నువ్వమ్మా. నేను ఊకొట్టానంతే."

"ఇష్టం లేకపోతే చెప్పొద్దూ?"

"అడిగితేగా! ఊళ్లో పిల్లలందర్నీ అడుగుతావు, నీకేం ఇష్టమని."

"సరే... చెప్పు. ఏం ఇష్టం?"

కూతురు తలుపు వైపు చూసింది. "అమ్మానాన్నలు బయట కూర్చోవాలిగా, మేడమ్?"

మేడమ్ లేచి, పక్క గదిలోని లెక్కల మాస్టారిని పిలిచి తన కుర్చీ అప్పగించి బయటికి నడిచింది.

బెంచీ మీదున్న ఓ తండ్రి జరిగి చోటిచ్చాడు. "మనముంటే పిల్లలు నోరు విప్పరండీ."

"మా అమ్మాయి వాగుడుకాయేనండీ," అందామె తలవంచుకుని. "నేనే నోరు మూయించాను."