ఎదురు వరండా మిలటరీ

చేతిలోని పాలగిన్నె దభీమని కిందపడింది.

"ఏమైందే?" మొగుడు పరుగెత్తుకొచ్చాడు.

"మళ్లీ చూస్తున్నాడు!"

కిటికీకి ఎదురుగా, సందుకు ఆ పక్క వరండాలో, కుర్చీలో ఓ ముసలాయన. కర్ర మింగినట్టు నిటారుగా వెన్ను, బుర్రమీసాలు. చూపు తిన్నగా ఆమె మొహం మీదే. అందులోనూ మూతి మీదే.

"మిలటరీ తాత. తర్వాత బట్టల మిల్లులో చేశాడట. పాపం, యుద్ధంలో బాంబు పేలి రెండు చెవులూ పోయాయి."

"చెవులు పోతే మనుషుల్ని కళ్లతో నమిలేస్తాడా?"

మొగుడు నవ్వేసి డ్యూటీకి పోయాడు.

ఆమెకు నవ్వు రాలేదు. ఆ వీధికి వచ్చి నెలే అయింది. ఏడో నెల కడుపు. పొద్దుగూకేదాకా ఇంట్లో ఒంటరి.

పైగా వీధి నోళ్లు ఊరుకుంటాయా? యుద్ధంలో ఆయన ఒట్టి చేతులతో ముగ్గురిని చంపాడని పాలమనిషి చెప్పింది. ఇస్త్రీ అతని దగ్గరికొచ్చేసరికి ఆ ముగ్గురూ ముప్ఫైమందయ్యారు. మేడ మీది పిన్నిగారి దాకా ఎక్కేసరికి శత్రు సైన్యంలో వంటవాడొక్కడే మిగిలాడు. అదీ, వాడి చేతి కూర బాగుంటుందని వదిలేశాడట!

ఒకనాడు కిటికీ దగ్గర నిలబడి తల్లికి ఫోన్ చేసింది.

"గుండెలు జారిపోతున్నాయే అమ్మా. ఎటు తిరిగినా వీపు మీద ఆ కళ్లే. కలలోకి కూడా వస్తున్నాడు. కడుపులో బిడ్డకేమవుతుందోనని హడలి చస్తున్నా. ఎటైనా పోడే ఈ ముసలాడు!"

"మెల్లిగా అనవే, వింటాడు!"

"చెవిటాడికి ఏం వినిపిస్తుంది?" ఆయనవైపు చూస్తూనే అంది.

మర్నాడు కుర్చీ ఖాళీ.

హమ్మయ్య అనుకోవాలి కదా? అనుకోలేదు. కనబడే పులి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. కనబడని పులి గుమ్మం వెనకే ఉంటుంది.

పొద్దున్నే ముసలాయన అన్నం డబ్బా పట్టుకుని పోతాడు. దీపాలు వెలిగాక వస్తాడు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. మెట్ల మీద పిల్లి నడిచినా ఆమె గడియ రెండుసార్లు లాగి చూసుకునేది.

మూడో వారంలో కబురొచ్చింది. మూతబడ్డ మిల్లు గేటు ముందు, గోడకు చేరగిలబడి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

"మూసిన మిల్లు దగ్గర ఏం పని?" అంది ఆమె.

"పాత అలవాటు. కాళ్లు అటే లాగి ఉంటాయి," అన్నాడు మొగుడు.

ఎదురింటి మామ్మగారిని పలకరించకపోతే బాగుండదని వెళ్లింది.

గదిలో గోడ వారగా ఐదారుగురు ముసలివాళ్లు, మిల్లు స్నేహితులు. అందరి పెదాలూ కదులుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. ఒకాయన ఏదో అన్నాడు, మిగతావాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

ఆమె మామ్మగారి దగ్గరికి జరిగింది.

"వాళ్లేంటి మామ్మగారూ, అలా..."

"అలవాటమ్మా," అంది ముసలావిడ. "మగ్గాలు ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినబడదు. పెదాలు చూసే మాట్లాడుకునేవాళ్లు. చెవుల్లేని మా ఆయన ఆ విద్యలో అందర్నీ మించిపోయాడు. షెడ్డు ఆ చివర ఎవడు గొణిగినా ఈ చివర నవ్వేవాడు. ముప్ఫై ఏళ్లు అక్కడే చేసి, నన్నూ ముగ్గురు పిల్లల్నీ సాకాడు."

ఆమెకు కిటికీ దగ్గర చేసిన ఫోన్ గుర్తొచ్చింది. సందు వెడల్పెంత? పది అడుగులుంటే గొప్ప.

"నా గురించి... ఏమైనా అన్నారా మామ్మగారూ?"

ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అనకేం తల్లీ! 'ఒట్టి మనిషి కాదు, నన్ను చూసి బెదిరిపోతోంది, ఆ పిల్ల నీళ్లాడేదాకా పగలు ఇంటిపట్టున ఉండనులే' అని రోజూ డబ్బా కట్టించుకున్నాడు."