కళ్లారా చూసినవాడు

"మీరే ముందు తోశారని అతను అంటున్నాడు. అతని వైపు ఇద్దరు సాక్షులున్నారు. మీ వైపు ఎవరైనా ఉన్నారా?"

పోలీసు అధికారిణి అలా అడగగానే విక్రాంత్ పెదవి తడుముకున్నాడు. కుట్లు పడ్డది తన పెదవికి. నిన్న సాయంత్రం ఇంటి దగ్గరి ట్రామ్ స్టాపులో ఒంటిరంగు చూసి, "మీ దేశానికి పో" అంటూ మొహం మీద గుద్దింది వాడు. ఇప్పుడు దెబ్బలు తిన్నవాడే ముద్దాయి అయ్యేలా ఉంది, ఏం న్యాయమో! వచ్చేవారమే వీసా పొడిగింపుకి అపాయింట్‌మెంట్. ఈలోగా తన మీద కేసు పడితే జర్మనీలో, ఈ కెమ్నిట్జ్‌లో చదువు సగంలో వదిలి పోవాల్సిందే.

"ఒకతను చూశాడు. వస్తానన్నాడు," అని బయటికొచ్చాడు. గుమ్మం పక్కన బల్ల మీద రూమ్మేట్ ధీరజ్ కూర్చుని ఉన్నాడు.

"ఇస్సాకుకి ఫోన్ చెయ్‌రా. నిన్న నిన్ను లేపి రక్తం తుడిచింది ఆయనే గదా?"

"లోపలికి పోకముందే చేసిన. వస్త అన్నడు."

"మరింకేం భయం? తెలుగోడు, మనోడే. చెప్పకుంటే ఎట్ల?"

విక్రాంత్ వీధి తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. వస్తాడా? వచ్చి, నేనేం చూడలేదంటే? పరాయి దేశంలో పోలీసుల గొడవ ఎవడు నెత్తికెత్తుకుంటాడు?

చివరికి ఇస్సాకు వచ్చాడు. విక్రాంత్ ఎదురెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత. చూసింది చూసినట్టు చెప్పు. లేకపోతే నా బతుకు ఆగమైతది."

"కంగారు పడకండి. చూసిందే చెప్తానండి," అన్నాడు ఇస్సాకు, చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంటూ.

ఇస్సాకు లోపలికెళ్లాక కూడా తలుపు తీసే ఉంది. లోపలి మాటలు బల్ల దాకా వినిపిస్తున్నాయి. ఇస్సాకు ఎక్కడా తడబడలేదు. వాడు తిట్టిన తిట్టు, గుద్దిన తీరు, విక్రాంత్ జేబుల్లోంచి చేతులు తీయకముందే కింద పడిపోవడం, అన్నీ చెప్పాడు. అధికారిణి అంతా రాసుకుని, ఇంత స్పష్టంగా చెప్పినందుకు థాంక్స్ చెప్పింది.

విక్రాంత్‌కి ఏడుపొచ్చినంత పనైంది. "చెప్పిన గదా, మనోడేనని," అంటూ ధీరజ్ వీపు తట్టాడు.

"చివరి ప్రశ్న," అంది లోపల అధికారిణి. "మీరుండేది ఊరికి అటు చివర కదా. నిన్న ఆ స్టాపులో ఎందుకున్నారు?"

బయట విక్రాంత్ తల దించుకున్నాడు.

"అద్దెకు గది చూడ్డానికి ఈ విక్రాంత్ ఫ్లాట్‌కే వెళ్లి వస్తున్నాను," అన్నాడు ఇస్సాకు. "గది ఖాళీగానే ఉంది. నా కులమేంటో కనుక్కున్నాక, లేదన్నాడు."