బోణీ ప్రింటు

మనవరాలు బీరువాలో నా చీరల వెనక నుంచి గుండ్రటి రేకు డబ్బా తీసి బల్లమీద పెట్టింది.

"తిట్టనంటేనే చెప్తా అమ్మమ్మా. సినిమా ప్రింటు కొన్నాను. ఇలాంటివి బోలెడు పోగేస్తా. ఇది బోణీ."

మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంది.

"మూసెయ్! కొనేముందు వాసన చూశావా?"

"వాసన చూడ్డానికి అదేమన్నా కూరా?"

"ఫిల్ము కుళ్ళితే ఇదే వాసన. పక్కనున్న ఫిల్ముకీ అంటుకుంటుంది. ఇది ఇంట్లో ఉండటానికి వీల్లేదు. బయట పెట్టు."

"దీనికోసం ఎన్ని ఊళ్ళు తిరిగానో తెలుసా? ఒక్కసారైనా ఆడించి చూడలేదు!" పిల్ల మూత నొక్కిపెట్టి డబ్బాని తనవైపు లాక్కుంది. "అయినా అంటుకోవడానికి ఇంట్లో ఇంకో ప్రింటేదీ? ఊరికే బెదిరించకు."

"బీరువాలో ఎన్నాళ్ళుంది?"

"చలికాలం నుంచి."

బొడ్డున దోపుకున్న తాళాలగుత్తి లాగి, ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ బీరువా కింది సొరుగు తెరిచాను. తువ్వాలు మడతల్లోంచి ఇంకా పాత డబ్బా ఒకటి పైకి తీశాను. అదీ సినిమా ప్రింటే. మూత వదులు చేశానేగాని, ముక్కు దగ్గర పెట్టుకునే ధైర్యం చాలలేదు.

"నువ్వు చూడవే," అన్నాను.

పిల్ల వంగి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"వట్టి రేకు వాసనే," అంది చివరికి. తర్వాత నావైపు అదోలా చూసింది. "మరి నీ బోణీ ఎప్పుడు?"

"నీ వయసులోనే. మా నాయనమ్మ చీరల వెనక దాచాను. ముందు ఆ కుళ్ళింది బయటపెట్టి రా."