తలగడ దగ్గర కాగితపు కుక్కలు

జపాన్‌లో పూర్వం కొత్త పెళ్లికూతురి తలగడ దగ్గర మూత తీసే డబ్బాల్లాంటి రెండు కాగితపు కుక్కబొమ్మలను కాపలాగా పెట్టేవారు. షిజు అనే అమ్మాయి పెళ్లిలోనూ పెట్టారు. మగకుక్క పొట్టలో రక్షరేకు, ఆడకుక్క పొట్టలో ముఖానికి పూసుకునే తెల్లపొడి.

"ఆ పిల్లను కాచేది నేను. నీది ఒట్టి సోకు," అని మగకుక్క రోజూ దెప్పేది.

షిజు మాత్రం మాటిమాటికీ ఆడకుక్క మూతే తీసేది.

ఏడాది తిరగకుండానే షిజు పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

"ఏమైందే?" అంది మగకుక్క.

"కన్నీటి చారలు కప్పుకోవడానికే నా మూత తీసేది. పొడి అడుగంటిపోయింది."

"నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెప్పడమెందుకు? నీ చెవి పక్కనే ఏడ్చేది కదయ్యా!"

మగకుక్క పొట్టలో రక్షరేకు పెట్టింది పెట్టినట్టే ఉంది.