అప్పగించకూడనిది

"కింది ఉద్యోగికి అధికారం అప్పగించవచ్చు. అప్పగించకూడనిది ఏది?" ఆరిన బట్టలు మడతపెడుతూ అడిగింది అత్తయ్య.

"బాధ్యత," అన్నాను.

"తప్పు. సంతకం."

అత్తయ్యకు చదువు రాదు. మా ఆయన ఆఫీసు మేనేజ్‌మెంటు పరీక్షకి పైకి చదువుతుంటే విని విని పుస్తకమంతా కంఠతా పట్టేసింది. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. అది నిలవాలంటే పరీక్ష పాసవ్వాలి. అందుకే రోజూ నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతుంది. ఆయన చదువుతూ దగ్గిన చోటల్లా తనూ ఆగి దగ్గుతుంది.

పుస్తకం వెనక జవాబుల్లో 'బాధ్యత' అనే ఉంది. కానీ ఆ మాటంటే ఆవిడ ముఖం చిన్నబోతోందని, ఇంట్లో మాత్రం సంతకం అనడం మొదలుపెట్టాను.

పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. చివరికి బాధ్యత అని రాసి బయటపడ్డాను.

అత్తయ్య గుమ్మంలోనే పట్టుకుంది. "ఆ ప్రశ్న వచ్చిందా? ఏం రాశావ్?"

"సంతకం అనే రాశాను అత్తయ్యా."

ఆవిడ తల పట్టుకుంది. "అయ్యో పిచ్చిదానా! అది తప్పే! పోయినసారి అదే రాసి ఫెయిలై వచ్చి వాడే చెప్పాడు."

"మరి నాచేత ఎందుకు అనిపించారు?"

"ఆ మాట వాడిలా అనేవాళ్ళు నాకింకెవరున్నారే?"

బాధ్యతే రాశానని చెప్పాను. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

పరీక్ష అయిపోయినా, సాయంత్రం పుస్తకం తెచ్చుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

ఆవిడ దగ్గింది. "అప్పగించకూడనిది ఏది?"

"సంతకం," అన్నాను.